విడిగా అడిగిన ఆవిడ

కూలికి వెళ్లే ఆడవాళ్లలో దిగులు ఏ మేరకు ఉందో కొలిచే సర్వేలో పనిచేసేవాణ్ణి. భట్టిప్రోలులో నేను అడిగి వచ్చిన ఇళ్లకే, మళ్లీ అడిగితే అవే జవాబులు వస్తాయో లేదో చూడమని నెల తిరక్కుండా మా సర్వేలోనే పనిచేసే రేపల్లె ఆవిడను పంపారు. ఇళ్లు చూపించడానికి వెంట వెళ్లాను.

"బానే ఉన్నామండి" అందో కోడలు, అత్తగారి పక్కన నిలబడి. నేనైతే అదే రాసుకుని లేచేవాణ్ణి. రేపల్లె ఆవిడ పెన్నుకు మూత పెట్టారు.

"పిన్నిగారూ, కాసిని మంచినీళ్లిస్తారా?"

అత్తగారు లోపలికి వెళ్లారు. ఆవిడ కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇప్పుడు చెప్పమ్మా" అన్నారు.

"తెల్లారకపోతే బాగుండు అనిపిస్తదక్కా" అంది కోడలు. వాకిట్లో ఉన్న నేనూ విన్నాను.

మా ఇద్దరి ఫలితాలూ కలవలేదు. తెనాలి ఆఫీసులో సార్ ఆవిడను నిలదీశారు.

"ఏంటమ్మా, ఇతను వెళ్తే బాగున్నవాళ్లు నువ్వెళ్తే ఏడుస్తారా?"

"అత్తగారి ముందు ఏం చెబుతారు సార్?"

సార్ నావైపు తిరిగారు. "నువ్వు విడిగానే అడిగావుగా?"

నా కాంట్రాక్టు పొడిగించాల్సిన నెల అది. "విడిగానే అడిగానండి" అన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. "నన్ను మానిపించండి సార్, ఫర్లేదు. ఆ అమ్మాయి దగ్గరికి మాత్రం డాక్టర్‌ని పంపండి" అన్నారు.

ఆవిడను మానిపించారు. డాక్టర్‌ని పంపలేదు. ఆవిడ రాసింది నిజం, నేను ఎవరినీ విడిగా అడగలేదు. ఈ మాటే సార్‌కి ఇప్పుడు ఉత్తరంలో రాశాను. కానీ రేపల్లె బస్సు భట్టిప్రోలులో ఆగినప్పుడల్లా, ఆ కోడలు ఉందో లేదో కనుక్కుందామని లేచి, మళ్లీ కూర్చుంటున్నాను.