పత్తి కట్టె పెరకని మూల

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం ఎమ్మిగనూరు దగ్గర మా మామ వాళ్ల ఊళ్లో గడిపాను. హైదరాబాదులో ఉంటే ఆఫీసు ఫోను వదిలేవాణ్ణి కాదు. అక్కడ ఫోను పోస్టాఫీసులో ఒకటే. చేతులకు పనిలేక, ప్రతిదానికీ కోపం వచ్చేది.

ఆ ఏడు మామ ఎద్దుల్లో ఒకటి కుంటిదైంది. పత్తి తీత అయిపోయిన చేలో సగం దున్నకుండా వదిలేద్దామనుకున్నాడు. కట్టెను నేలబారుగా కోసి, వేళ్లు మట్టిలోనే ఉంచి, వాన పడగానే గొర్రుతో విత్తేయాలని.

"నల్లరేగడి దాని పాటికి అదే దున్నుకుంటాది అల్లుడూ. బీటలు సూడు, చెయ్యి పడతాది."

నాకు నచ్చింది. మామ చేలో ఏటా కూలికి పత్తి తీసే ఆమెకు నచ్చలేదు. తీత అయ్యాక కట్టెను వేళ్లతో సహా పెరికి పట్టుకుపోవడం ఏటా ఉన్నదే. వానాకాలమంతా ఆమె పొయ్యి దాంతోనే వెలగాలి.

"పైకట్టె బుస్సుమని మండి పోతాదన్నా. నిప్పు నిలిసేది వేరు మొద్దులోనే. దాన్ని నీ మన్నుకే పెడితే నా సంగటి ఎట్ల ఉడకల్ల?"

"చేను ఎవరిది?" అని అరిచాను.

ఆమె నావైపు తిరగను కూడా లేదు. "ఎవురన్నా ఈయప్ప? అగ్గిపుల్ల గీయకుండానే మండుతాండాడే!"

మామ పడీపడీ నవ్వాడు. తర్వాత గట్టుమీద కూర్చుని ఆమెనే అడిగాడు.

"సరే, నువ్వే సెప్పు. పెరక్కుండా నాకు యాడ ఇడుస్తావు?"

ఆమె చేనంతా తిరిగి చౌడు మూల దగ్గర ఆగింది. అక్కడ మొక్కలు మోకాలెత్తుకు కూడా రాలేదు. "ఇది పెట్టుకో."

సగం కాదు, పావు కూడా ఉండదు. "చౌడులో చూస్తే ఏం తెలుస్తుంది మామా? మొలవకపోతే దున్నలేదనా, చౌడనా?"

"ఆడ మొలిసిందంటే యాడైనా మొలుస్తాది. ల్యాకుంటే రెండు దోసిళ్ల గింజలు పోతాయి."

"మిగతాది ఏ ఎద్దుతో దున్నుతావు?"

"హొళగుందలో మా తోడల్లుడు ఉండాడు గదా. పోయి అడగల్ల. తిట్టి ఇస్తాడు."

ఆమె ఇదేదీ వినడం లేదు. కొంగు బిగించి, ఏపుగా పెరిగిన వైపు దిగి, మొదటి మొక్క పక్కన గడ్డపార దించింది. వేరుతో పాటు పెద్ద మట్టిపెళ్ల లేచింది. దాన్ని మడమతో తన్ని రాల్చి, కట్టెను గట్టుమీదికి విసిరింది.