ఒక్క సూతు తేడా

రాజకుమారికి మనిషి మాట కంటే త్రాసు ముల్లు మీద నమ్మకం ఎక్కువ. ఆ ముల్లును కూడా రెండోసారి చూస్తే గానీ నమ్మేది కాదు. తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్టర్‌గా చేసి, రెండేళ్ల కిందట రిటైరయింది. ఇప్పటికీ ఆమె సంచి పట్టుకుని వస్తుంటే చిక్కడపల్లి కూరగాయల వాళ్లు సర్దుకుని కూర్చుంటారు.

"దేవుడు ప్రసాదం పెట్టినా తూచి తింటవు నువ్వు" అనేవాడు భర్త జగన్మోహన్.

మోకాళ్లు పట్టేస్తుంటే డాక్టర్ మెల్లగా సైకిల్ తొక్కమన్నాడు. ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కుంది. తొక్కుతుంటే పెడల్ దగ్గరున్న మోటారు కూడా చైన్‌ను లాగి సాయం చేస్తుంది. రోజూ దాని మీదే అశోక్‌నగర్ వెళ్లి, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చేది.

ఎనిమిది నెలలు గడిచాక ఒకరోజు ఎత్తు ఎక్కుతుంటే చైన్ టకటకమంది. నారాయణగూడలో ఈదయ్య దుకాణానికి తీసుకెళ్లింది. ఆయన పెడల్‌ను చేత్తో రెండుసార్లు తిప్పాడంతే.

"చైన్ సాగింది మేడం. ఎనక పండ్ల చక్రం, ఫ్రీవీల్ అంటరు, అది గూడ అరిగింది. రెండూ మార్చాలె."

"ఇనుము సాగుడేందయ్యా? అదేమన్న రబ్బరా? మా నాయన సైకిల్ చైన్ పదేండ్లు నడిచింది."

"మీ నాయన కాళ్లతోని తొక్కిండు. దీన్ని మీ కాళ్లొక్కటే కాదు, మోటారు గూడ గుంజుతది. తొందరగనే అరుగుతది."

ఆ జవాబు మరీ తయారుగా ఉన్నట్టు అనిపించింది ఆమెకు. తప్పుడు తూకపు రాళ్లు పెట్టుకున్న వాళ్ల దగ్గర కూడా జవాబులు ఇలాగే నాలుక చివర ఉండేవి. పైగా ఆయన కొలవనైనా కొలవలేదు. ఒకటి చెడితే రెండు అమ్మే రకం అనుకుని సైకిల్ నడిపించుకుంటూ వచ్చేసింది.

మర్నాడు అశోక్‌నగర్‌లో సురేశ్ అనే మెకానిక్‌కు చూపించింది. కొత్త దుకాణం, గోడ నిండా మెరిసే సామాను.

"ఫ్రీవీల్ మంచిగనే ఉన్నది మేడం. చైన్ ఒక్కటి ఏస్తే చాలు. ఎవరన్నరు మార్చాలని?"

ఈ మాటను మాత్రం ఆమె రెండోసారి చూడలేదు. తన అనుమానమే నిజమైందని లోపల సంతోషపడి, కొత్త చైన్ వేయించుకుంది. పాత చైన్‌ను మాత్రం వదల్లేదు. మళ్లీ ఇంకెవరికో అంటగడతాడేమోనని కాగితంలో చుట్టించి ఇంటికి తెచ్చుకుంది.

మూడో రోజు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో పచ్చలైటు పడగానే పెడల్ మీద బరువు వేసింది. కొత్త చైన్ పళ్ల మీంచి ఎగిరింది. పెడల్ ఒక్కసారిగా కిందికి జారి, మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది. వెనక బస్సు కీచుమంటూ ఆగింది. కండక్టర్ తల బయట పెట్టి ఏదో అరిచాడు. సైకిల్‌ను పక్కకు తోసి ఫుట్‌పాత్ మీద కూలబడింది.

"నకిలీ చైన్ అంటగట్టిండు" అంది ఇంటికి వచ్చి.

"మొన్న ఈదయ్య దొంగ. ఇయ్యాల సురేశ్ దొంగ. ముందు కొలిచి చూడరాదు?" అన్నాడు జగన్మోహన్, మోకాలికి మందు రాస్తూ.

ఆమె బీరువాలోంచి స్టీలు స్కేలు తీసింది. ముందు కొత్త చైన్ మీద పెట్టింది. ఇరవై నాలుగు లింకులు, సరిగ్గా పన్నెండు అంగుళాలు. పాత చైన్‌ను బిగించి పట్టుకుని అన్నే లింకులు కొలిచింది. పన్నెండు మీద ఒక సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వచ్చింది. మూడుసార్లు కొలిచినా అంతే. ఇనుము సాగలేదు. లింకు లింకుకూ కీలు వెంట్రుకవాసి అరిగి, అరుగుదలంతా కలిసి పొడవైంది. అంత పొడవైన చైన్‌తో తిరిగి తిరిగి వెనక పళ్లూ అరిగి వంకరపోయాయి. అందుకే కొత్త చైన్ వాటిలో కూర్చోవడం లేదు.

ఈదయ్య చెప్పింది నిజమే.

స్కేలు తుడిచి మళ్లీ బీరువాలో పెట్టింది. ముషీరాబాద్‌లో పప్పుల దుకాణం నడిపే ఎంకయ్య గుర్తొచ్చాడు. పదిహేనేళ్ల కిందట అతని త్రాసు తేడా చూపిస్తే కేసు రాసింది. "అరిగిందమ్మా, నేను చేసింది కాదు" అని అతను చేతులు జోడించాడు. తేడా ఉన్న త్రాసు వాడితే కేసు తప్పదు, అది సరే. కానీ రిపోర్టులో 'ఉద్దేశపూర్వకంగా' అని ఒక మాట చేర్చింది. ఆ మాటకు ఆమె దగ్గర ఏ కొలతా లేదు. అతని మొహం చూసి రాసింది.

మర్నాడు ఈదయ్య దగ్గరికి వెళ్లింది. కొత్త చైన్ కూడా పోయిందంటాడేమోనని కాచుకుని చూసింది.

"చైన్ మంచిదే. ఉండనీ. ఫ్రీవీల్ ఒక్కటి మారుస్త" అన్నాడు ఆయన. తిట్టలేదు, దెప్పలేదు. అయినా పని అయ్యేదాకా ఆమె స్టూలు మీంచి కదల్లేదు. చాయ్ తాగి రమ్మన్నా వెళ్లలేదు. అలవాటు ఒక్కరోజులో పోతుందా?

అక్కడి నుంచి తిన్నగా ముషీరాబాద్ వెళ్లింది. ఎంకయ్య ముసలివాడయ్యాడు గానీ ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. వెంటనే కాటాను ముందుకు జరిపాడు.

"చూసుకోండ్రి మేడం. సక్కగనే ఉన్నది. మొన్ననే ముద్ర ఏయించిన."

"చెకింగ్‌కు రాలె ఎంకయ్యా. ఉద్యోగం అయిపోయింది. ఆ దినం అరిగిందన్నవు. నేను నమ్మలె. కావాలని చేసినవని రాసిన. అది తప్పు."

ఎంకయ్య ఆమె మొహం చూశాడు. ఆమె భుజం మీది సంచి చూశాడు. వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని రోడ్డు వైపు చూశాడు.

"గిప్పుడెందుకు చెప్తున్నరు మేడం? నాతోని ఏం గావాలె?"

ఆమె కిలో కందిపప్పు అడిగింది. అతను ముల్లు దాటి ఇంకో పిడికెడు వేసి పొట్లం కట్టాడు. ఆ పిడికెడు ప్రేమతో వేయలేదని, భయంతో వేశాడని ఆమెకు తెలిసింది.

"ఏమన్నడు?" అని అడిగాడు జగన్మోహన్, ఇంటికి రాగానే.

"నమ్మలె" అంది రాజకుమారి చెప్పులు విప్పుతూ. "నమ్మాలని ఏమున్నది ఆయనకు?"