టార్గెట్ ఫ్లాపీ

ఆ రోజుల్ల కంప్యూటర్‌ను ముట్టాలంటే చెప్పులు బయట ఇడిచి, కాళ్లు కడుక్కొని రావాలె. జూలూరుపాడుల మా ఆఫీసుల దానికున్న మడి దేవుడి గదికి గూడ లేకుండె. ఖమ్మంల నెల రోజులు నేర్చుకొచ్చిండని నన్ను దాని ముందు కూర్చోబెట్టిన్రు (అండ్ల సగం రోజులు కరెంటే లేదని మా సారుకు నేను చెప్పలే). అడవి పల్లెల్ల ఎక్కడెక్కడ బోరింగులు వెయ్యాల్నో ఆ లిస్టంతా కొట్టి ఒక ఫ్లాపీల పెట్టిన. అరచెయ్యంత పల్చటి నల్ల అట్ట అది. చేత్తో రాసుకొచ్చిన కాగితాలేమో ఆఫీసు కప్పు కురిసి ముద్దయినయి. ఇగ ఊర్లన్నీ ఆ అట్టలనే ఉన్నయి.

ఆఫీసుల చాయ్ పెట్టే అక్కను మేం బొట్టక్క అనేటోళ్లం, పావలా బిళ్లంత బొట్టు పెట్టేది. ఆమె తల్లిగారి ఊరు గూడ ఆ లిస్టుల ఉన్నది. "మా అమ్మ ఇంకా వాగుల చెలిమె తోడుకొనే తాగుతది తమ్మీ, మా ఊరి పేరు అండ్ల పడ్డదా?" అని పూటకొకసారి అడిగేది. "అవ్ అక్కా, పడ్డది" అని నేను పెద్ద ఇంజినీరు లెక్క చెప్పేటోణ్ణి.

దసరా అయినంక సారు, "రేపు ఖమ్మం పట్కపోవాలె, జల్దీ ఇంకో కాపీ తియ్" అన్నడు. మిషన్‌కు ఫ్లాపీ పెట్టే మూతి ఒక్కటే. ముందు సోర్సు పెట్టుమన్నది, తర్వాత టార్గెట్ పెట్టుమన్నది. మా ఆఫీసుల టార్గెట్ అంటే ఏంది? పూర్తి చెయ్యాల్సిన పని. పొద్దున లేస్తే సారు నోట్లె బోరింగుల టార్గెట్ అన్న మాటే. అందుకే సోర్సంటే ఖాళీ ఫ్లాపీ పెట్టిన, టార్గెట్ అంటే లిస్టున్నది పెట్టి బటన్ నొక్కిన. నొక్కినంక బుర్ర వెలిగింది. ఖాళీదాన్ని తెచ్చి నిండుదాని మీద రాయుమన్న. తెర మీద ఎర్రర్ అని పడ్డది. ఉద్యోగం పోతదని భయపడ్డ, అబద్ధమెందుకు. కానీ చాయ్ గ్లాసు పట్టుకొని బొట్టక్క ఎదురుంగ నిలబడితే ఆమె మొఖం సూడలేకపోయిన.

"అక్కా, మీ ఊరు పోగొట్టిన" అన్న.

సారు వచ్చి ఫ్లాపీ బయటికి తీసి, అటు తిప్పి ఇటు తిప్పి, "గీ అంచుకు బొట్టుబిళ్ల ఎవరు అతికిచ్చిన్రు?" అన్నడు.

బొట్టక్క గ్లాసు కింద పెట్టి, "నేనే సారూ. దసరా పూజల మిషన్‌కు పసుపు కుంకుమ వద్దంటిరి, అందుకే బిళ్ల తెచ్చిన. అంచుకు ఎలుక కొరికినట్టు గంటు ఉన్నది, చూస్తే తిడ్తరని బొట్టుబిళ్లతోని మూసిన" అన్నది.

సారు కుర్చీల కూలబడి నవ్విండు. ఆ గంటు తయారు చేసినోళ్లు పెట్టిందేనంట. దాన్ని మూస్తే మిషను ఆ ఫ్లాపీ మీద ఇంకేం రాయలేదంట (అది నేర్పిన రోజు కరెంటు లేనట్టున్నది). మళ్ల పెట్టి చూస్తే ఊర్లన్నీ ఉన్నయి. పానం లేచొచ్చింది. బొట్టక్క తల్లిగారి ఊరి పేరు గట్టిగ చదివి వినిపిచ్చిన. ఆమె కొంగుతోని కండ్లు తుడుచుకొని, "నెల రోజులు నేర్చుకొచ్చినవ్ గద తమ్మీ, మంచిగనే నేర్పిన్రు" అన్నది.

ఇప్పుడు ఫోనే దానంతటదే కాపీ తీసుకుంటది, నన్నెవరూ సోర్సు ఏది, టార్గెట్ ఏది అని అడుగరు. అయినా పెన్ డ్రైవ్ కొంటే అంచులు తడిమి చూస్త, గంటేమన్న దొరుకుతదేమోనని. నా టేబుల్ డ్రాయర్ల బొట్టుబిళ్లల అట్ట ఒకటి ఎప్పుడూ ఉంటది. అది ఎవరిదని మా ఇంటామె ఇన్నేండ్ల నుంచి అడుగుతనే ఉన్నది.