మూడంచుల కాడ

మా వదిన వాళ్ళ ఊరి వెనక గుట్ట మీద, మట్టి కూడా సరిగ్గా నిలవని బండ సందుల్లో ఒక తుంగ పెరుగుతుంది. ఎండాకాలమంతా చచ్చినట్టు పడి ఉండి, వాన పడగానే అదే కుదురు నుంచి మళ్ళీ లేస్తుంది. అది తుంగే. ఈ మాట మీద నేను తగ్గను.

వదినంటే మా మేనమామ కూతురు. చిన్నప్పుడు సెలవులకు మా ఊరు కుసుమంచి నుంచి, భద్రాచలం అడవి అంచున ఉన్న వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఇద్దరం గుట్టెక్కి తుంగకాడ తెంపి చెరో కొస పట్టుకునేవాళ్ళం. నేను నిలువుగా చీలిస్తే తను అడ్డంగా చీల్చేది. రెండు చీలికలూ మధ్యలో కలిస్తే కాడ మంచం చట్రంలా నాలుగు పట్టెలుగా విచ్చుకునేది. "మంచం వచ్చింది!" అని అరిచేవాళ్ళం.

రెండేళ్ళ క్రితం తన కొత్త కోడలితో కలిసి ముగ్గురం గుట్టెక్కాం. ఆ పిల్లకు కాడ చూపించి తుంగ అన్నాను.

"తుంగేంది? నీళ్లల్ల పుట్టేది తుంగ. రాయి మీద పుట్టింది గడ్డే," అంది వదిన.

"వేళ్ళ నడుమ దొర్లించి చూడు. గడ్డికాడ గుండ్రంగ తిరుగుతది. దీనికి మూడంచులు, తిరగదు."

"అవ్, నీ నాలుక లెక్కనే."

కోడలు పకపకా నవ్వింది. నాకు మండింది. "పదో తరగతి తప్పినదానివి, నీకేం తెలుస్తది?" అన్నాను.

కోడలి నవ్వు ఆగిపోయింది. వదిన గుట్ట దిగింది. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

నేను పాఠం చెప్పే కాలేజీలో నోరు తెరిస్తే అందరూ తలూపుతారు. నా నాలుకను చూసి నవ్వే మనిషి ఇంకొకరు దొరకలేదు.

మొన్న శ్రావణంలో ఆ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాను. పక్కన కూర్చోబోతే వదిన లేచి వంటల వైపు వెళ్ళిపోయింది. నేను ఒక్కదాన్నే గుట్టెక్కాను. కాడ ఒక కొస పళ్ళతో పట్టి చీల్చాను. రెండు ముక్కలైంది. ఇంకోటి, అదీ అంతే. గుట్ట మీద సిగ్నల్ బాగానే ఉంది. ఫోన్ చేశాను.

"వదినా, ఒక్కదాన్నే చీలుస్తుంటే మంచం వస్తలేదు."

"డిగ్రీ చదివినవు గద, రప్పించుకో."

"ఆనాడు నేనన్నది తప్పు, వదినా."

అటునుంచి బ్యాండు మేళమే వినబడుతోంది. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.

"గడ్డి అను, వస్త," అంది చివరికి.

చేతిలో కాడ దొర్లించాను. తిరగలేదు.

"గడ్డే," అన్నాను.

కొత్త కాడ తెంపి, వదిన పట్టుకునే కొస ముట్టకుండా, బాట వైపు చూస్తూ కూర్చున్నాను.