చింతపండుతో తోమిన శాక్సోఫోన్

మా చిన్నప్పుడు... మనవాళ్ళ ఇళ్ళల్లో ఏ పెళ్ళి జరిగినా మా తాతయ్య శాక్సోఫోన్ ఉండాల్సిందే. మలేషియాలో రబ్బరు తోటలో పనిచేసేటప్పుడు ఒక బ్యాండు మాస్టారు ఇచ్చారట. బెల్జియంలో చేసింది... గొట్టం మీద ఆ దేశం పేరు చెక్కి ఉండేది.

యూ టీ పేటలోని మా ఫ్లాట్‌లో తాతయ్య మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పేవాడు.

"దీన్ని కనిపెట్టినాయనది బెల్జియంలో నది పక్క ఊరురా. ఆ ఊరు ఇత్తడి సామానుకి పేరంట. వాళ్ళ నాన్న కూడా వాయిద్యాలు చేసేవాడంట."

"అయితే మన బిందెకి చుట్టమేగా. ఎంత నల్లబడిందో చూడండి," అనేది నానమ్మ వంటింట్లోంచి.

ఒక దీపావళికి ముందు, తాతయ్య మార్కెట్‌కి వెళ్ళినప్పుడు, ఇత్తడి సామానుతో పాటు దాన్నీ చింతపండు పెట్టి తోమేసింది. కుళాయి కింద కడిగి ఎండలో పెట్టింది. తళతళా మెరిసింది... ఎంత మురిసిపోయిందో.

తాతయ్య వచ్చి చూశాడు.

"పెళ్ళికూతురిలా ఉందే," అన్నాడు.

తీసి ఊదాడు. గాలి వచ్చింది... స్వరం రాలేదు.

"ఏమైందండీ?" నానమ్మ మొహం పాలిపోయింది.

"దానికేం కాలేదే. నాకే ఊపిరి అందట్లేదు. వయసైపోయింది."

మేమందరం నమ్మేశాం. డాక్టరు గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయన్నా సరే, నానమ్మ దాన్ని మళ్ళీ ముట్టుకోనివ్వలేదు. పెళ్ళిళ్ళకి పిలిస్తే తాతయ్య, "ఇక వాయించేది లేదు లా, మాకన్ మాత్రమే," అని నవ్వేవాడు. మాకన్ అంటే మలయ్‌లో భోజనం, అది చేసి వచ్చేసేవాడు.

తాతయ్య పోయాక, ఈ మధ్యే దాన్ని తంజోంగ్ పగార్‌లో వాయిద్యాలు బాగుచేసే అంకుల్‌కి చూపించాను. మూతలు విప్పాడు. వాటి కింద చిన్న చిన్న తోలు బిళ్ళలు...

"లోపలికి వాటర్ పోయింది లా, బాయ్. తోలు గట్టిపడింది, హోల్ మూసుకోదు. ఇవి మారిస్తే చాలు. అప్పుడే తెచ్చుంటే అప్పుడే పలికేది."

ఇంటికొచ్చేసరికి నానమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఏమన్నాడురా?"

"బాగానే ఉందన్నాడు నానమ్మా."

"నే చెప్పలా. పాపం, ఆయనకే ఊపిరి చాల్లేదు."

నేను ఊఁ అన్నాను...

ఇప్పుడు నానమ్మకి చెప్పకుండా తోలు బిళ్ళలు మార్పించాను. చక్కగా పలుకుతుంది... ఊదేవాళ్ళే లేరు. పెళ్ళిళ్ళలో స్పీకరు పెట్టేస్తున్నారు.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు పాడటమో, వాయించడమో మానేసి ఉంటారు. ఎందుకు మానేశారో వాళ్ళు ఉండగానే అడగండి... మొదట చెప్పింది నమ్మకుండా ఇంకోసారి అడగండి. ఏమన్నారో వీలైతే కింద రాయండి.