తీగ మీది పూత

మోటార్లకు వైండింగ్ చేసే మేస్త్రి రాగి తీగ చుడుతూ పెదవులతో లెక్కపెడతాడు. ఈమధ్య కుడి చేతి వేళ్లు మొద్దుబారుతున్నాయి, నలభై చుట్లు దాటగానే లెక్క తప్పుతోంది. మెదడులో నరాల పైపొర అక్కడక్కడా దెబ్బతింటోందని, జబ్బు ఇంకా మొదట్లోనే ఉందని డాక్టరమ్మ చెప్పింది. “తీగ మీద పూత లేచినట్టే. కబురు ఆలస్యంగా చేరుతుందట,” అన్నాడు భార్యతో. “నా మాట మీకు పెళ్లైనప్పట్నుంచీ అంతేగా,” అంది ఆమె.

అప్పట్నుంచి లెక్క కోసం పది చుట్లకోసారి ఒక నట్టు తీసి గిన్నెలో వేస్తున్నాడు. అలా చుట్టిన మొదటి మోటారు సరిగా తిరగకపోతే పని మానేద్దామనుకున్నాడు. ఇవాళ దానికి స్విచ్ వేసి, అలవాటుగా కుడి అరచెయ్యి మోటారు మీద ఆనించాడు. ఏమీ తెలియలేదు. భోజనం డబ్బా తెచ్చిన భార్య పక్కనే తన చెయ్యి పెట్టింది. “అదురుతోందా?” అని అడిగాడు. “లేదు. మీకంటే బుద్ధిగా తిరుగుతోంది.” “ఈ మాట మాత్రం వెంటనే చేరింది,” అంటూ ఇంకో మోటారు విప్పడానికి స్పానర్ అందుకున్నాడు.