వడ్లలో దాచిన పాటలు

మా వైపు సముద్రపు గాలికి తుప్పు పట్టనిది మనిషి నోరొక్కటే. తాళాలను, సైకిళ్లను, కిటికీ చువ్వలను అన్నింటినీ ఆ గాలి తినేస్తుంది. అందుకే కావలికి తూర్పున, అలల చప్పుడు వినిపించే మా ఇళ్లలో దాచుకోవలసింది ఏదైనా వడ్ల గాదెలోనే దాస్తారు. మద్రాసులో చదివే రోజుల్లో అక్క పాత సామాన్ల బజారులో ఏరుకొచ్చిన ఇంగ్లీషు రాక్ రికార్డులు కూడా, ప్లేయరు మూలపడ్డాక, మామిడికాయల పక్కన ఆ గాదెలోకే వెళ్లాయి. పెట్టింది అక్కే. ఏటా కొత్త వడ్లు వాటిమీదే పోసేవాళ్లం.

ఈమధ్య గాదె తీసేస్తుంటే బయటపడ్డాయి. ఒక్కటీ వంగలేదు, అట్టలకు చెమ్మ కూడా తగల్లేదు. కానీ రికార్డుల గీతల నిండా నూగు. వడ్ల నూగు ఒంటికి పడితేనే ఒక పట్టాన వదలదు, గీతల్లో దూరితే వదులుతుందా? సబ్బునీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడుగుతూ, కడిగినంతసేపూ అక్కను తిట్టాను. ఆమె నవ్వుతూ కూర్చుంది. సగం తిట్లు వినపడి ఉండవు.

అక్కకు వినికిడి తగ్గిపోతోంది. కుక్కరు విజిలు వినపడదు, కోయిల వినపడదు. సన్న శబ్దాలు పోయాయనీ, లావు శబ్దాలు ఇంకా ఉన్నాయనీ, అవీ మెల్లగా పోతాయనీ నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఆమెతో మాట్లాడాలంటే గొంతు బొంగురు చేసుకోవాలి.

"అయ్యి గూడా పొయ్యే లోపల నా పాటలు ఒక్కసారి ఇనాలిరా," అంది ఆస్పత్రి నుంచి వస్తూ ఆటోలో. సరేనన్నాను.

రికార్డులు పాడించే టర్న్‌టేబుల్ కోసం చెన్నై వెళ్లాను. కొట్టాయన ఒక్కొక్కటీ తిప్పి చూపిస్తుంటే, ఆ నల్లటి తిరుగుడు చూస్తూ నేను చిన్నప్పటి మధ్యాహ్నాల్లోకి జారిపోయాను. చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని ఉండేవాణ్ణి. అక్క రికార్డు మీద ముల్లు దించేది. పాట ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. మాటలు ఒక్కటీ అర్థం కాకపోయినా, ఆ పాటలన్నీ మా ఊరివే అనుకునేవాణ్ణి.

"సన్న మొన ముల్లు గీత అడుగుదాకా దిగి ప్రతి చిన్న శబ్దాన్నీ పైకి తెస్తుంది," అన్నాడాయన. నాకు అదే కావాలనిపించింది. నూగు సంగతి చెప్పగానే తల అడ్డంగా తిప్పాడు. "అయితే నూగును కూడా పాడుతుంది సార్. గుండ్రటి మొన తీసుకోండి, పైపైన నడుస్తుంది."

గంటసేపు వాదించాను, నా అలవాటు కొద్దీ. చివరికి గుండ్రటి ముల్లు, నేల అదిరినా కదలని బరువైన ప్లేయరు, లావు శబ్దాలు దిటవుగా పలికే పాతకాలపు పెద్ద చెక్క స్పీకర్లు తీసుకున్నాను. రైల్లో ముల్లు డబ్బాను ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

మరునాడు ఎండ వాలాక, కిటికీలోంచి ఉప్పుగాలి వస్తుంటే, అక్క తనకు ఇష్టమైన రికార్డు తీసిచ్చింది. ముల్లు దించాను.

చిటపట, చిటపట. మంగలంలో పేలాలు వేగుతున్నట్టు. ఆ గోలలో పాడేవాడి గొంతు ఎక్కడో కొట్టుకుపోతోంది. ఇంత ఏరి, ఇంత కడిగి, ఇంత దూరం మోసుకొచ్చింది ఇందుకా? ఏడుపొచ్చింది నాకు. ముల్లు ఎత్తేద్దామని చెయ్యి చాపాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది.

రెండో చెయ్యి స్పీకరు చెక్క మీద ఉంది. కళ్లు మూసుకుంది. డ్రమ్ములతోపాటు ఆమె కాలు నేల మీద తాళం వేస్తోంది, హాస్టలు పిల్లలా. రికార్డు ఆ పక్క అయిపోయేదాకా కదల్లేదు.

"ఏందిరా అట్ట మొగం పెట్టినావు?" అంది కళ్లు తెరిచి. "కొత్తదాని మాదిరి పాడతా ఉండాది. యాడన్నా ఒక్క గరగర ఉండాదా? వడ్లల్లో పెట్టి చెడగొట్టినానని ఇన్నాళ్లూ తిట్టినావే, ఇప్పుడు చెప్పు!"

చిటపటలన్నీ సన్న శబ్దాలే. అక్క దాకా రావు. ఆమెకు మిగిలిన పాటలో నూగు లేదు.

మా ఇద్దరి మధ్యా ఏ వాదనలోనూ నేను తగ్గిన పాపాన పోలేదు. ఆ సాయంత్రం తగ్గాను.

"నువ్వు చెప్పిందే నిజం అక్కా."

"ఏందీ?" అని చెవి ముందుకు పెట్టింది.

గొంతు బొంగురు చేసుకున్నాను.

"బో శుభ్రంగా ఉండాదక్కా!" అని గట్టిగా అన్నాను. రికార్డు రెండో పక్కకు తిప్పి, ముల్లు దించాను.